ఎనలైజరు చూపే అంకె ఎవరిది?

(ఆచార్య సూరి భగవంతం స్మారకోపన్యాసం పాఠం)



భగవంతం గారి గురించి మాట్లాడేవాళ్ళు సాధారణంగా రామన్ దగ్గర మొదలుపెట్టి రక్షణ శాఖ దగ్గర ఆపుతారు. 1909లో ఆగిరిపల్లిలో పుట్టడం, 1928లో కలకత్తా వెళ్ళి రామన్ బృందంలో చేరడం, ఈ వాల్తేరులో పాఠాలు చెప్పడం, ఉస్మానియాకు వైస్ ఛాన్సలర్, బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టరు, రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు కావడం మీ అందరికీ తెలిసిందే. నేను ఆ జీవితంలోంచి ఒక్క పుస్తకమే తీసుకుంటాను. టి. వెంకటరాయుడు గారితో కలిసి ఆయన గ్రూపు సిద్ధాంతం మీద రాసిన పుస్తకం. 1948లో దాన్ని అచ్చువేసింది లండనూ కాదు, న్యూయార్కూ కాదు, మన ఆంధ్ర విశ్వవిద్యాలయమే. ఈ రోజు నేను చెప్పబోయే గ్యాస్ ఎనలైజర్లకు ఆ పుస్తకంలోని విషయమే పునాది.

ఆ పుస్తకంలో లెక్క కష్టమైనదే గానీ ప్రశ్న తేలికే. ఒక అణువు ఆకారం తెలిస్తే, అది ఎన్ని రకాలుగా కంపిస్తుందో, వాటిలో ఏ కంపనం పరారుణ కాంతిని మింగుతుందో, ఏది రామన్ వర్ణపటంలో కనిపిస్తుందో, ప్రయోగం చేయకముందే చెప్పగలమా? చెప్పగలం. కార్బన్ డయాక్సైడును తీసుకోండి. మధ్యలో కార్బను, అటొకటి ఇటొకటి ఆక్సిజను, మూడూ ఒకే గీత మీద. రెండు ఆక్సిజన్లూ ఒకేసారి బయటకు జరిగి ఒకేసారి లోపలికి వస్తే అణువులో విద్యుత్ సమతూకం చెదరదు. అప్పుడు పరారుణ కాంతి దాన్ని పట్టించుకోదు, రామన్ వర్ణపటంలో మాత్రం అది కనిపిస్తుంది. కార్బను ఒకవైపుకూ ఆక్సిజన్లు రెండో వైపుకూ ఊగితే సమతూకం చెదురుతుంది, 4.26 మైక్రాన్ల దగ్గర కాంతిని బాగా మింగుతుంది. అణువు వంగితే 15 మైక్రాన్ల దగ్గర మింగుతుంది. భూమి వేడిని పట్టి ఉంచడంలో ఎక్కువ పాత్ర ఈ రెండోదానిది.

ఇక నైట్రోజన్, ఆక్సిజన్. రెండూ ఒకే జాతి పరమాణువుల జంటలు. ఎంత ఊగినా విద్యుత్ సమతూకం చెదరదు కాబట్టి పరారుణ కాంతికి ఇవి లేనట్టే. పొడి గాలిలో 99 శాతం ఈ రెండే. అందుకే పదివేల అణువుల్లో నాలుగు మాత్రమే ఉండే కార్బన్ డయాక్సైడును పరారుణ ఎనలైజరు గుంపులోంచి ఏరిపట్టగలుగుతోంది. మిగతా గుంపు దాని కంటికి ఆనదు. ఆనదు అన్నాను గానీ, ఆ మాట పూర్తిగా నిజం కాదు. దాని సంగతి కాసేపట్లో వస్తుంది.

యంత్రం లోపల ఏముంటుందో త్వరగా చెప్పేస్తాను. ఒక చివర వేడెక్కిన తీగ, మధ్యలో గాలి పారే గొట్టం, రెండో చివర డిటెక్టరు. గాలిలో కార్బన్ డయాక్సైడు పెరిగితే డిటెక్టరుకు చేరే కాంతి తగ్గుతుంది, వోల్టేజి మారుతుంది. అంతే. ఆ వోల్టేజి మీద పీపీఎం, అంటే పది లక్షల అణువుల్లో ఎన్ని, అని ఎక్కడా రాసి ఉండదు. తీగ పాతబడుతుంది, డిటెక్టరు వేడెక్కుతుంది. మన ఊరికి తుపాను వచ్చి గాలి ఒత్తిడి 1010 నుంచి 980 హెక్టోపాస్కల్స్‌కు పడిపోయిందనుకోండి, గొట్టంలో ఉన్న అణువులే మూడు శాతం తగ్గిపోతాయి. బయట గాలి కూర్పు ఏమీ మారకపోయినా అంకె మారుతుంది. కాబట్టి కొంత సేపటికొకసారి, లోపల ఏముందో మనకు ముందే తెలిసిన ఒక సిలిండరు వాయువును అదే గొట్టంలోకి పంపి, అప్పుడు వచ్చిన వోల్టేజితో పోల్చుకోవాలి. సంతలో త్రాసుకు తూకపురాయి ఎలాగో ఎనలైజరుకు ఆ సిలిండరు అలాగ. ఎనలైజరు తనంతట తాను ఏదీ కొలవదు, రెండు వాయువులను పక్కపక్కన పెట్టి తేడా చెబుతుంది. జాతీయ ప్రమాణాల ప్రయోగశాలల్లో పనిచేసేవాళ్ళు దీన్ని ఇంగ్లీషులో కంపారేటర్ అనే అంటారు. కోట్లు పోసి యంత్రం కొనేవాళ్ళకు ఈ సంగతి చెబితే ముఖం చిన్నబుచ్చుకుంటారు.

ఈ సంగతిని అందరికంటే ముందు ఒంటబట్టించుకున్నవాడు చార్లెస్ డేవిడ్ కీలింగ్. 1950ల నడుమ కాల్‌టెక్‌లో పనిచేస్తున్నప్పుడు ఆయన పాదరసంతో ఒక మానోమీటరు కట్టుకున్నాడు. ఐదు లీటర్ల గాజు ఫ్లాస్కులో గాలి పట్టి తెచ్చేవాడు. ముందు తేమ తీసేయాలి. తర్వాత ద్రవ నైట్రోజన్ చలిలో కార్బన్ డయాక్సైడును గడ్డకట్టించి, మిగతా గాలిని పంపుతో లాగేయాలి. ఆ గడ్డను మళ్ళీ వాయువుగా మార్చి, ఘనపరిమాణం కచ్చితంగా తెలిసిన చిన్న గదిలో బంధించి, పాదరసం ఎంత ఎత్తు లేచిందో చూడాలి. ఐదు లీటర్ల గాలిలో ఉండే కార్బన్ డయాక్సైడంతా కలిపి మామూలు ఒత్తిడిలో ఒకటిన్నర మిల్లీలీటర్లు. దాన్ని వెయ్యిలో ఒక వంతు తేడాకు కొలిచాడాయన. పైగా అదే చలికి నైట్రస్ ఆక్సైడు కూడా గడ్డకట్టి వస్తుంది. ఈ పనిలో దిగినవాళ్ళు దాన్ని వేరే లెక్కగట్టి తీసేయాలి.

అంతకు ముందు వేర్వేరు దేశాల శాస్త్రవేత్తలు వేర్వేరు రసాయన పద్ధతుల్లో కొలిచిన అంకెలు పదుల పీపీఎం అటూఇటూగా ఉండేవి. గాలే చోటుచోటుకూ అంతగా మారుతుందని చాలామంది నమ్మారు. కీలింగ్ అంకెలు మాత్రం పట్నాల పొగకూ చెట్ల ఊపిరికీ దూరంగా పోతే ఎక్కడైనా మధ్యాహ్నం 310 దగ్గరే నిలిచాయి. అంతకుముందు కనిపించిన తేడాల్లో చాలా భాగం గాలిది కాదు, కొలతది.

అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం వచ్చింది. అమెరికా వాతావరణ శాఖలో హ్యారీ వెక్స్‌లర్, స్క్రిప్స్ సంస్థలో రోజర్ రెవెల్ నిధులు సమకూర్చారు. 1958 మార్చిలో హవాయిలోని మౌనా లోవా కొండ మీద, 3,400 మీటర్ల ఎత్తున, అప్లైడ్ ఫిజిక్స్ కార్పొరేషన్ వారి పరారుణ ఎనలైజరు నడవడం మొదలైంది. తొలి అంకె 313 పీపీఎం. ఏడాదిలో వసంతానికి పెరిగి, వేసవి పోయేసరికి తగ్గే ఆరు పీపీఎంల ఊగిసలాట మొదట కనిపించింది. ఉత్తరార్ధగోళంలో అడవులు చిగిర్చి ఆకు రాల్చడమే ఆ ఊగిసలాట. దాని అడుగున ఏడాదికి ఒక పీపీఎం కూడా లేని పెరుగుదల. ఆ పెరుగుదలను చూడాలంటే ఎనలైజరు ఎంత సున్నితమైనదన్నది రెండో విషయం. ఈ ఏడాది వాడిన సిలిండరూ పదేళ్ళ కిందట వాడిన సిలిండరూ ఒకే మాట చెబుతున్నాయా అన్నది మొదటిది. అందుకే కీలింగ్ ఆ మానోమీటరును వదలలేదు. మౌనా లోవాలో అప్పట్లో వాడిన స్టాండర్డ్ గ్యాసులన్నిటికీ మూలం ఆ పాదరసం గొట్టమే. 1964లో నిధులు కోసేయడంతో కొన్ని నెలలు కొలతలు ఆగిపోయాయి. ఆ ఖాళీ నేటికీ గ్రాఫులో చూడవచ్చు. ఈ రోజు అదే కొండ మీద అంకె 420 దాటింది.

ఇప్పుడు ఇందాక వాయిదా వేసిన సంగతికి వస్తాను. మొదటి రోజుల్లో స్టాండర్డ్ గ్యాసులను కార్బన్ డయాక్సైడును నైట్రోజన్‌లో కలిపి తయారుచేసేవారు. ఎలాగూ నైట్రోజన్ కంటికి ఆనదు, ఆక్సిజనూ ఆనదు, ఏది కలిపితేనేం అనుకున్నారు. 1970ల్లో తేలిందేమంటే, తేడా ఉంది, అదీ కొన్ని పీపీఎంల తేడా. కారణం ఇది. కార్బన్ డయాక్సైడు అణువు ఒంటరిగా ఉండదు, పక్కవాటితో ఢీకొంటూనే ఉంటుంది. ఢీకొన్నప్పుడల్లా అది మింగే కాంతి గీత కొంచెం వెడల్పవుతుంది. నైట్రోజన్ ఢీకొంటే ఒక వెడల్పు, ఆక్సిజన్ ఢీకొంటే అంతకంటే తక్కువ. ఈ రెండు వాయువులూ తాము కాంతిని ముట్టుకోకుండానే పక్కవాడి ఆకలిని మార్చేస్తున్నాయి! ఇంకో చిక్కు, ఒక మోడలు ఎనలైజరులో ఈ తేడా ఒకలా, ఇంకో మోడలులో ఇంకోలా ఉంటుంది. పాత అంకెలన్నీ తిరగరాయాల్సి వచ్చింది. తిరగరాయగలిగారు, ఎందుకంటే ఏ రోజు ఏ సిలిండరు వాడారో, ఏ యంత్రం నడిచిందో కీలింగ్ బృందం కాగితం మీద పెట్టింది. అప్పటినుంచి స్టాండర్డును అసలు గాలిలోనే, అంటే ఆక్సిజనూ ఆర్గానూ గాలిలో ఉన్నంత పాళ్ళలోనే ఉండేలా తయారుచేయడం పద్ధతి అయింది.

విద్యార్థులు అడుగుతుంటారు, అయితే సిలిండరులో ఎంత ఉందో ఎలా తెలుస్తుంది, దాన్ని ఏ ఎనలైజరుతో కొలుస్తారు అని. ఎనలైజరుతో కొలవరు. తూస్తారు.

ఈ తూకం గురించి కాస్త తీరిగ్గా చెప్పాలని ఉంది, దీన్ని చూసినవాళ్ళు తక్కువ. ఐదు లీటర్ల అల్యూమినియం సిలిండరును బాగా వాక్యూమ్ చేసి తూస్తారు. కార్బన్ డయాక్సైడు ఎక్కించి తూస్తారు. గాలి ఎక్కించి మళ్ళీ తూస్తారు. 120 బార్ల ఒత్తిడికి నింపితే అందులో పట్టే గాలి ఏడు వందల గ్రాములు. అందులో 400 పీపీఎం కావాలంటే కార్బన్ డయాక్సైడు అర గ్రాము కూడా ఉండకూడదు. పది కిలోల దాకా తూగే సిలిండరు మీద ఆ అర గ్రాముకు లోపున్నదాన్ని ఒక మిల్లీగ్రాము తేడాతో తూచినా, పొరపాటు 400లో ఒక పీపీఎం దాకా పోతుంది. అది మనకు చాలదు. కాబట్టి ముందు చిక్కటి మిశ్రమం చేసి, దాన్ని ఇంకో సిలిండరులో పలచన చేసి, అవసరమైతే మళ్ళీ పలచన చేస్తారు. లేదా కార్బన్ డయాక్సైడును చిన్న పాత్రలో, ఇంకా సన్నటి త్రాసు మీద తూచి ఎక్కిస్తారు.

ఆ గదిలో త్రాసుకు శత్రువులు చాలామంది. సిలిండరు తన చుట్టూ ఉన్న గాలిని తోసేసి కూర్చుంటుంది కదా, ఆ తోసిన గాలి బరువు ఎనిమిది గ్రాములు. గదిలో ఉష్ణోగ్రత మూడు డిగ్రీలు మారితే గాలి సాంద్రత ఒక శాతం మారుతుంది, అంటే ఎనభై మిల్లీగ్రాములు ఎటో పోతాయి. దీనికి విరుగుడుగా అచ్చం అలాంటిదే ఖాళీ సిలిండరును పక్కన పెట్టుకుని ముందు దాన్ని, తర్వాత అసలుదాన్ని, మళ్ళీ అసలుదాన్ని, మళ్ళీ ఖాళీదాన్ని తూస్తారు. రెండింటికీ గాలి ఒకేలా చేస్తుంది కాబట్టి తేడాలో ఆ ప్రభావం కొట్టుకుపోతుంది. వాయువు ఎక్కించగానే సిలిండరు వెచ్చబడుతుంది, వెచ్చటి గోడ వెంట గాలి పైకి లేచి పళ్ళేన్ని లేపుతుంది, బరువు తక్కువ చూపిస్తుంది. చల్లబడేదాకా, అంటే ఒక రాత్రంతా, ఆగాలి. నింపిన సిలిండరు ఒత్తిడికి కొంచెం ఉబ్బుతుంది, ఆ ఉబ్బు కూడా లెక్కే. వాల్వు బిగించినప్పుడు మరచుట్ల నుంచి రాలే ఇత్తడి పొడి లెక్కే. మధ్యలో ఎవరైనా ఉత్సాహంగా లేబుల్ అంటించారా, ఆ వారం పని గంగలో కలిసినట్టే. చేతికి తొడుగు లేనివాణ్ణి ఆ గదిలోకి రానివ్వరు, వేలిముద్రకూ బరువుంటుంది.

ఇదంతా అయ్యాక సిలిండరును గంటల తరబడి దొర్లిస్తారు, లోపల మిశ్రమం సమంగా కలవాలని. అప్పటికీ నమ్మరు. కార్బన్ డయాక్సైడు కొంత గోడకు అంటుకుని కూర్చుంటుంది. సిలిండరు నిండుగా ఉన్నంత కాలం అది తెలియదు, వాడేకొద్దీ ఒత్తిడి తగ్గి గోడ నుంచి ఊడిపడుతుంది, అప్పుడు మిగిలిన వాయువులో పాలు పెరుగుతుంది. దీన్ని పట్టుకోవడానికి తల్లీపిల్లల పరీక్ష అని ఒకటుంది. తల్లి సిలిండరులోంచి సగం వాయువును ఖాళీ పిల్ల సిలిండరులోకి వంచి, రెండింటినీ ఎనలైజరుతో పోల్చి చూస్తారు. అక్కడ మొదటిసారి ఎనలైజరు అవసరపడుతుంది, అదీ పోల్చడానికే. సిలిండరు అడుగంటేదాకా వాడకూడదని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే. చివరి వాయువు ఖరీదు కంటే అది చెప్పే అబద్ధం ఖరీదు ఎక్కువ.

పోల్చే పని ఇప్పుడు చాలాచోట్ల లేజరుకు అప్పగించారు. 1988లో ఓకీఫ్, డీకన్ అనే ఇద్దరు చూపించిన కిటుకు ఇది. అతి నునుపైన అద్దాల మధ్య లేజరు కాంతిని బంధించి, లేజరును ఆపేసి, లోపలి కాంతి ఎంత సేపట్లో ఆరిపోతుందో గడియారంతో చూస్తారు. అద్దాలు ఎంత మంచివంటే, జానెడు గదిలో కాంతి అటూఇటూ తిరిగి ఇరవై కిలోమీటర్ల దాకా ప్రయాణిస్తుంది. లోపల కార్బన్ డయాక్సైడు ఎక్కువుంటే త్వరగా ఆరిపోతుంది. మొత్తం వ్యవహారం కొన్ని పదుల మైక్రోసెకన్లు. కొలిచేది కాలాన్ని గనక లేజరు వెలుగు కాస్త హెచ్చుతగ్గులైనా నష్టం లేదు. వోల్టేజికంటే గడియారాన్ని నమ్మడం ఎప్పుడూ మేలు. వాతావరణ పరిశోధనలో రోజంతా వదిలేసినా పదో వంతు పీపీఎం కంటే తక్కువ జారే యంత్రాలు వచ్చాయి. మన దగ్గర షాద్‌నగర్‌లో జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వారు కార్బన్ డయాక్సైడు, మీథేన్ కొలిచినది ఈ కుటుంబానికే చెందిన లేజరు యంత్రంతో.

అయితే ఇంత సూక్ష్మంగా చూడగలగడం కొత్త కష్టాలు తెచ్చింది. లేజరు కార్బన్ డయాక్సైడు మొత్తాన్ని చూడదు, ఒకే ఒక గీతను చూస్తుంది. ఆ గీత మామూలు కార్బన్-12 ఉన్న అణువులది. కార్బన్ పరమాణువుల్లో వందకు ఒకటి పైచిలుకు కార్బన్-13. ఆ పాలు గాలిలో ఒకలా, పెట్రోలియం కాల్చగా వచ్చిన వాయువులో ఒకలా ఉంటుంది, రెండోదానిలో తక్కువ. స్టాండర్డు తయారుచేసినవాడు బజారులో దొరికిన కార్బన్ డయాక్సైడు వాడాడనుకోండి, తూకం ఎంత కచ్చితంగా వేసినా, లేజరు దగ్గరికొచ్చేసరికి 400 పీపీఎంలో 0.1 పైచిలుకు తేడా వస్తుంది. ప్రపంచ వాతావరణ సంస్థ ఉత్తరార్ధగోళంలోని కేంద్రాల మధ్య ఉండవచ్చని చెప్పిన తేడాయే 0.1. అంటే మొత్తం లెక్క ఐసోటోపు ఒక్కటే తినేస్తోంది. తేమ సంగతి చెప్పనే అక్కర్లేదు. మన విశాఖ ఆగస్టు గాలిలో మూడు శాతం నీటి ఆవిరి. 420 ఉన్న పొడి గాలి ఆ తేమతో 407 అవుతుంది. ఆరబెట్టకుండా, లేదా తేమను పక్కనే కొలిచి సవరించకుండా, తీరప్రాంతంలో కార్బన్ డయాక్సైడు అంకె చెబితే నమ్మకండి.

ఇంత చేసిన మూల ప్రమాణమైనా శాశ్వతమా? కార్బన్ డయాక్సైడుకు ప్రపంచ వాతావరణ సంస్థ ప్రమాణాన్ని అమెరికాలోని బౌల్డర్ నగరంలో నోవా, అంటే ఆ దేశపు సముద్ర, వాతావరణ సంస్థ, వాళ్ళు కాపాడుతున్నారు. పదిహేను సిలిండర్లు, వాటిని కొలిచే ఒక మానోమీటరు. కీలింగ్ పద్ధతికి మనవడనుకోండి. చాలా ఏళ్ళు అందరూ ఎక్స్2007 అనే స్కేలు మీద నడిచారు. తర్వాత నోవా వాళ్ళే తమ మానోమీటరును అనుమానించి పరీక్షించి చూస్తే, లోపల ఉన్న రబ్బరు ఓ-రింగులు కాస్త కార్బన్ డయాక్సైడును పీల్చుకుంటున్నాయని తేలింది. దీనికి తోడు వాయువు ఆదర్శ సూత్రం నుంచి ఎంత తప్పుతుందో చెప్పే గుణకంలోనూ సవరణ పడింది. ఫలితంగా ఎక్స్2019 స్కేలు వచ్చింది. 400 పీపీఎం దగ్గర అంకె దాదాపు 0.18 పెరిగింది. ప్రపంచమంతా ఒక్కసారిగా ఆ మేరకు పైకి జరిగింది. గాలి జరగలేదు. ఒక రబ్బరు రింగు గురించి ఇంత నిజాయితీగా ప్రపంచం ముందు చెప్పుకోవడమే నాకు ఈ రంగంలో అన్నిటికంటే గొప్పగా కనిపిస్తుంది.

ఇలా అనుమానించుకోవడానికి దేశాలు ఒక ఏర్పాటు చేసుకున్నాయి. ఫ్రాన్సులో సెవ్ర్ దగ్గర అంతర్జాతీయ తూనికలు కొలతల కార్యాలయం ఉంది. 1875 నాటి మీటరు ఒప్పందంలో మన దేశం 1957లో చేరింది. ఒక దేశం ప్రయోగశాల ఇచ్చిన కొలత పత్రాన్ని ఇంకో దేశం అంగీకరించాలంటే, ఎవరి సిలిండరు వాళ్ళు తయారుచేసి ఒకచోటికి పంపాలి, అక్కడ అన్నిటినీ ఒకే ఎనలైజరు కింద నిలబెట్టాలి, ఎవరు ఎంత తప్పారో అచ్చువేయాలి. కార్బన్ డయాక్సైడుకు ఇలాంటి పోలిక 2016-17లో సెవ్ర్‌లో జరిగింది. ఈ పరస్పర అంగీకార ఒప్పందం మీద సంతకాలు పడిన రోజు 1999 అక్టోబరు 14. అక్టోబరు 14 భగవంతం గారి పుట్టినరోజు. ఇందులో పరమార్థం ఏమీ లేదు, యాదృచ్ఛికమే, చెప్పకుండా ఉండలేక చెప్పాను.

మన తరఫున ఈ పని ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలది. 1947 జనవరి 4న నెహ్రూ పునాదిరాయి వేస్తే, 1950 జనవరి 21న సర్దార్ పటేల్ ప్రారంభించారు. మొదటి డైరెక్టరు కె. ఎస్. కృష్ణన్. రామన్ ఫలితం కనుగొన్నప్పుడు రామన్ పక్కన నిలబడ్డ కృష్ణనే. రామన్ శిష్యుల్లో ఒకరు ఏ అణువు ఏ కాంతిని పట్టుకుంటుందో లెక్కగట్టే పుస్తకం వాల్తేరులో రాస్తుంటే, ఇంకొకరు ఢిల్లీలో దేశానికి ప్రమాణాల ఇల్లు కడుతున్నారు. ఈ రెండు దారులూ కలిసేది గ్యాస్ ఎనలైజరు దగ్గర. 2021 జనవరి 4న అదే ఆవరణలో జాతీయ పర్యావరణ ప్రమాణాల ప్రయోగశాలకు ప్రధాని శంకుస్థాపన చేశారు. ఆలస్యమైనా అవసరమైన పని.

ఆలస్యం అనడానికి కారణం ఉంది. గాలి నాణ్యత స్టేషన్లు మన పట్టణాల్లో చాలా వచ్చాయి. రోడ్డు పక్కన ఎర్ర అంకెల బోర్డులూ వచ్చాయి. కొనేటప్పుడు టెండరులో యంత్రం గురించి పేజీలకు పేజీలు ఉంటాయి, సిలిండరు గురించి ఒక వాక్యం ఉంటుంది. నేను చూసిన ఒకచోట, పేరు అనవసరం, సిలిండరు గడువు తీరి చాలా కాలమైంది. రెగ్యులేటరు ముల్లు సున్నా దగ్గర నిద్రపోతోంది. ఎర్ర అంకెలు మాత్రం నిమిషం తప్పకుండా మారుతున్నాయి. అడిగితే, యంత్రం బాగానే పనిచేస్తోంది కదండీ అన్నారు. పనిచేస్తోంది, నిజమే. దేనితో పోల్చుతోందన్నదే ప్రశ్న.

విశాఖవాసులకు ఈ ప్రశ్న పుస్తకాల్లోది కాదు. 2020 మే 7 తెల్లవారుజామున ఇక్కడి ఒక కర్మాగారం నుంచి లీకైన స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడి పన్నెండుమంది చనిపోయారు. అలాంటి చోటికి వెళ్ళేవాళ్ళ చేతిలో సాధారణంగా ఉండేది అతినీలలోహిత దీపంతో అణువును అయనీకరించి చూసే చిన్న డిటెక్టరు. దాన్ని చాలావరకు ఐసోబ్యుటిలీన్ అనే వాయువుతో కాలిబ్రేట్ చేస్తారు, అది సులువుగా సిలిండరులో నిలవ ఉంటుంది గనక. స్టైరీన్ మీదికి తీసుకెళ్తే ఆ అంకెను ఒక గుణకంతో హెచ్చించాలి. సాధారణంగా వాడే దీపానికి ఆ గుణకం దాదాపు 0.4. అంటే తెర మీద 100 కనబడితే అక్కడున్న స్టైరీన్ 40. గుణకం పెట్టామో లేదో రాసుకోకపోతే, ఆ తర్వాత ఎన్ని కమిటీలు కూర్చున్నా ఆ అంకెకు అర్థం చెప్పలేవు. ప్రమాదాలకు పరుగెత్తే సిబ్బందికి డిటెక్టరుతో పాటు ఆ గుణకాల పట్టిక కూడా తెలుగులో ఉండాలని నేను ఎప్పటినుంచో అంటున్నాను.

చివరగా ఓజోన్. దీన్ని చివరకు పెట్టుకోవడానికి కారణం, ఇంతసేపూ చెప్పిన సిలిండరు కథ దీని దగ్గర పనికిరాదు. ఓజోన్ సిలిండరులో నిలవదు, గోడ తగిలితే ఆక్సిజన్‌గా విడిపోతుంది. దాన్ని తూచి నింపి పంపే మార్గం లేదు. అందుకని ఓజోన్‌కు ప్రమాణం ఒక వాయువు కాదు, ఒక ఎనలైజరు. అమెరికా ప్రమాణాల సంస్థ 1980ల్లో రూపొందించిన రిఫరెన్స్ ఫోటోమీటరు అది. పాదరస దీపం నుంచి వచ్చే 253.65 నానోమీటర్ల కాంతిని రెండు గొట్టాల గుండా పంపుతుంది. ఒకదానిలో ఓజోన్ ఉన్న గాలి, రెండోదానిలో ఓజోన్ లేని గాలి, కాసేపటికి అటుది ఇటూ ఇటుది అటూ. ఎంత కాంతి తగ్గిందో చూసి, ఒక్కో ఓజోన్ అణువు ఎంత కాంతిని అడ్డగిస్తుందో ఆ విలువతో భాగిస్తే ఎన్ని అణువులున్నాయో వస్తుంది. సెవ్ర్‌లోనూ అలాంటివే ఉన్నాయి. దేశాలు తమ ఫోటోమీటర్లను వాటితో పోల్చి చూసుకుంటాయి.

ఇక్కడ అంతా ఆ అడ్డగించే విలువ మీద ఆధారపడింది. 1961లో హియర్న్ అనే ఆయన కొలిచిన విలువను ప్రపంచమంతా అరవై ఏళ్ళు వాడింది. చదరపు సెంటీమీటర్లలో అది, 1.147ను ఒకటి పక్కన పదిహేడు సున్నాలున్న సంఖ్యతో భాగిస్తే వచ్చేంత. ప్రపంచంలో ఎక్కడ ఓజోన్ కొలిచినా చివరికి ఆ ఒక్క మనిషి ప్రయోగం మీద ఆనుకున్నట్టే. అన్ని దేశాల ఫోటోమీటర్లూ చక్కగా ఒకదానితో ఒకటి కలిసేవి, ఎందుకు కలవవు, అందరూ వాడేది ఒకే విలువ కదా! తర్వాతి దశాబ్దాల్లో కొత్త ప్రయోగాలు ఆ విలువ కాస్త ఎక్కువని సూచించాయి. అన్నిటినీ కలిపి లెక్క తేల్చి 2019లో 1.1329 అన్నారు. తేడా 1.2 శాతం. అడ్డగించే విలువ తగ్గింది కాబట్టి, అదే కాంతి తగ్గుదలకు ఓజోన్ 1.2 శాతం ఎక్కువ లెక్కకు వస్తుంది. దేశాలు ఒక్కొక్కటిగా ఈ కొత్త విలువకు మారే పనిలో ఉన్నాయి.

మన దేశంలో ఓజోన్‌కు ఎనిమిది గంటల పరిమితి ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు. నిన్నటిదాకా 99 చూపించి పరిమితి లోపల నిలిచిన స్టేషను, కొత్త విలువ పెట్టిన మర్నాడు 100.2 చూపిస్తుంది. పత్రికలు కాలుష్యం పెరిగిందని రాస్తాయి. ఎవరో ఒక అధికారి సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వస్తుంది. పాత అంకెలను కొత్త విలువకు మార్చడం మాత్రం ఒక హెచ్చింపు, అంతకంటే పని లేదు. కాకపోతే ఏ స్టేషనులో ఏ తేదీన ఏ విలువ యంత్రంలో ఉందో, ఎప్పుడు ఏ ఫోటోమీటరుతో పోల్చారో రాసి ఉండాలి. మీ ఊళ్ళో ఆ పుస్తకం ఉందా అని ఈ హాల్లో ఉన్న కాలుష్య నియంత్రణ మండలి మిత్రులను అడుగుతున్నాను. ఉంటే ఈ సాయంత్రం నాకు చూపించండి, లేకపోతే రేపు ఉదయమే మొదలుపెడదాం, విద్యార్థులను నేను తీసుకొస్తాను.